మెత్తబెట్టమని ఇచ్చిన సీటు

లింగంపేటలో యాదవ్వ హోటల్ ముందు సైకిల్ దిగి పురుషోత్తం నడిచిన నడక చూసి నాకు నవ్వు ఆగలేదు. కాళ్ళు రెండూ ఎడంగా వేసి, మధ్యలో బిందె ఇరుక్కున్న మనిషిలా వస్తున్నాడు. నేను పీఈటీ సారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా పిల్లల్ని గ్రౌండు చుట్టూ ఉరికించడమే. ఎవడి నడక ఎందుకు మారిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఏంది, రాసుకపోయిందా?" అన్నాను.

"నవ్వకు మహిపాల్. మంట పుడుతుందిరా," అంటూ బెంచీ మీద కూర్చోబోయి, కూర్చోలేక, నిలబడే చాయ్ అందుకున్నాడు.

కారణం ఆ కొత్త సీటు. గేర్ల సైకిల్‌తో వచ్చిన స్పాంజి సీటు బాగాలేదని, ఫోన్లో ఎవడో చెప్పింది విని తోలు సీటు తెప్పించుకున్నాడు. మా చిన్నప్పటి సైకిళ్ళకు ఉండేవే, అలాంటిది. దళసరి తోలు, కింద ఇనుప కడ్డీలు, ముందువైపు తోలును లాగి బిగించడానికి ఒక నట్టు. గోధుమ రంగులో నిగనిగలాడుతోంది. వేలితో కొట్టి చూస్తే టకటకమంది. దానికంటే యాదవ్వ బెంచీయే నయం.

"తొక్కంగ తొక్కంగ మెత్తగైతదట. మెత్తగైనంక దీన్ని మించింది లేదట. అందాంక నేను బతకాలె గద," అన్నాడు. చాయ్ ఊదుకుని మళ్ళీ తనే అన్నాడు. "ఒక పని చెయ్యిరా. నీది గట్టి పానం. నీ సైకిల్‌కు బిగించుకొని కొన్ని దినాలు తొక్కు. జర మెత్తగైనంక నాకియ్యి."

ఇంకో చాయ్ పొయ్యమని యాదవ్వను అడిగినంత మామూలుగా అన్నాడు. నేను కూడా అంతే మామూలుగా "సరే తియ్యి" అన్నాను. పానా వాడి దగ్గరే ఉంది. పాత స్పాంజి సీటు కూడా సంచిలో తెచ్చుకునే ఉన్నాడు. అంటే ఈ మాట కామారెడ్డిలో బయల్దేరేటప్పుడే అనుకుని వచ్చాడన్నమాట. ఆ సీటు వాడి సైకిల్ ఎక్కింది, తోలు సీటు నా సైకిల్ ఎక్కింది, నా పాత రెగ్జిన్ సీటు నా హ్యాండిల్‌కు వేలాడింది.

ఎల్లారెడ్డి వైపు తొక్కుతూ ఉంటే కోపం మొదలైంది. నా కోపం ఎప్పుడూ ఇంతే. కావలసినప్పుడు రాదు, పనంతా అయిపోయాక తాపీగా వస్తుంది.

మాది ఒకే ఊరు, దోమకొండ పక్కన. ఒకే బడి, ఒకే బెంచీ. వాళ్ళది పటేళ్ళ ఇల్లు. మా నాన్న భూమయ్య ఆ ఇంట్లో జీతం ఉండేవాడు. వాళ్ళ ఎడ్లు, వాళ్ళ నీళ్ళు, వాళ్ళ పొలం, అన్నీ మా నాన్నే చూసేవాడు. ఇప్పుడు పురుషోత్తంకు కామారెడ్డిలో ఎరువుల దుకాణం. నాకు ఎల్లారెడ్డిలో చిన్న ఇల్లు, పెన్షను. వాడు నన్ను చిన్నప్పటి నుంచీ "రా" అనే అంటాడు. నేను వాణ్ణి ఏనాడూ అనలేదు. వాడు వద్దన్నాడని కాదు, నాకే నోరు తిరగదు. మనసులో మాత్రం వాడు, వీడు అనే అనుకుంటాను.

చెప్పుల సంగతి వాడికి గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు గుర్తుంది. పెద్ద పటేలుకు, అంటే పురుషోత్తం తండ్రికి, పెళ్ళిళ్ళకు పోయే ముందు కొత్త కిర్రు చెప్పులు కుట్టించేవారు. కొత్త తోలు కరుస్తుంది, మడమలు పుండ్లు పడతాయి. అందుకని ముందు మా నాన్నకు ఇచ్చేవారు. ఆయన వాటిని తొడుక్కుని పొలం గట్ల మీద తిరిగేవాడు. ఊళ్ళో కాదు, పొలంలోనే. మడమల మీద బొబ్బలు వచ్చేవి, చితికేవి, మళ్ళీ వచ్చేవి. చెప్పులు లొంగాక కడిగి, కొంచెం ఆముదం రాసి, నీడన ఆరబెట్టి, పటేలు గడపలో పెట్టి, ఒట్టి కాళ్ళతో ఇంటికి వచ్చేవాడు. మా నాన్న చెప్పులు తొడుక్కోవడం నేను చూసింది అవి కరుస్తున్నప్పుడే. మెత్తబడ్డాక ఒక్కనాడూ చూడలేదు.

మరి ఇదంతా తెలిసి సీటు ఎందుకు తీసుకున్నావయ్యా అంటే, ఆదివారం కోసం.

నా భార్య అనసూయ పోయినప్పుడు ఇంటికి జనం వచ్చారు, పోయారు. దినాలు కాగానే మా అమ్మాయి ఆశ్రిత కరీంనగర్‌కు, దాని ఉద్యోగానికి వెళ్ళిపోయింది. వెళ్ళక ఏం చేస్తుంది? ఆ తర్వాత ఇంట్లో రైస్ కుక్కర్ విజిల్ తప్ప ఇంకో గొంతు లేదు. అప్పుడు పురుషోత్తమే ఫోన్ చేశాడు. "నాకు షుగర్‌కు సైకిల్ తొక్కుమన్నరు. ఆదివారం నేను ఇటు నుంచి వస్త, నువ్వు అటు నుంచి రా. లింగంపేటల చాయ్ తాగుదాం," అన్నాడు. నాకు దగ్గర, వాడికి దూరం. తాడ్వాయి దాకా దుకాణం ట్రాలీ ఆటోలో సైకిల్ వేయించుకుని వచ్చి, అక్కణ్ణుంచి తొక్కుతాడు లెండి. యాదవ్వ దగ్గర మాత్రం కామారెడ్డి నుంచీ తొక్కినట్టే చెమట తుడుచుకుంటాడు. నేను ఏనాడూ బయటపెట్టలేదు. వారమంతా నేను మనిషిలా మాట్లాడేది, నవ్వేది ఆ హోటల్ ముందే. ఆ ఒక్క పూట పోతే నాకు మిగిలేది ఏమీ లేదు. సీటు తొక్కను పో అంటే ఏమవుతుందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేక తీసుకున్నాను.

ఫోన్లో ఆశ్రితకు చెబితే మండిపడింది.

"ఆయన సీటు నువ్వెందుకు తొక్కుడు నాయినా? ఆయనకు కాళ్ళు లేవా?"

"కాళ్ళున్నయి. తొడలే సరిగ్గ లేవు."

"జోకులెయ్యకు. రేపే వాపస్ ఇచ్చెయ్యి."

"ఇస్త తియ్యి," అని పెట్టేశాను.

ఇవ్వలేదు. వడ్లు కోసిన రోజులు. రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉండేది. దాన్ని తప్పించుకుంటూ రోజూ పొద్దున్నే పోచారం వైపు తొక్కేవాణ్ణి. మొదటి వారం నరకం. పిర్రల్లో రెండు ఎముకలు ఉంటాయని పిల్లలకు బొమ్మ గీసి చెప్పినవాణ్ణే కానీ, అవి సరిగ్గా ఎక్కడ ఉంటాయో నాకు ఆ సీటే చూపించింది. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి అన్నం తిన్నాను. చూసి నవ్వేవాళ్ళు కూడా లేరు. పురుషోత్తం మీద ఒకసారి, ఆ ఫోన్ పండితుడి మీద ఒకసారి, నా మీద నాలుగుసార్లు తిట్లు వదిలాను.

తర్వాత మెల్లగా దాని గుణం తెలిసింది. సీటు ముక్కు కాస్త పైకి లేపి బిగిస్తే ముందుకు జారడం తగ్గింది. సీటు ఇంకాస్త ఎత్తితే బరువు కాళ్ళ మీదికి వెళ్ళింది. మా నాన్న చెప్పులకు చేసినట్టే గుడ్డతో కొంచెం ఆముదం అడుగువైపు రాశాను. ఎక్కువ రాస్తే తోలు సంచిలా జారిపోతుందని ఆయనే అనేవాడు. మంచు పడే రోజుల్లో యూరియా సంచి ముక్క కప్పి ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాను. మంచం పక్కనే. సైకిల్‌ను ఇంట్లో పెట్టావేమిటని అడగడానికి అనసూయ లేదు కదా.

ఆదివారాలు పురుషోత్తం అడిగేవాడు. "ఇంక కరుస్తుందా?"

"కరుస్తుంది. మంచిగ కరుస్తుంది," అనేవాణ్ణి. అప్పటికి అది నిజమే.

ఒక పొద్దున పోచారం కట్ట దాకా పోయి, నీళ్ళ మీద పిట్టలు లేస్తుంటే చూస్తూ నిలబడి, తిరిగి ఇంటికి వచ్చేశాను. గేటు తీస్తుంటే తట్టింది. పోయేటప్పుడు కానీ వచ్చేటప్పుడు కానీ సీటు గుర్తే రాలేదు. తోలు మీద రెండు గుంటలు పడ్డాయి, ఎడమది కాస్త లోతుగా. నాకు ఎడమ మోకాలు నొప్పి, బరువు అటే వేస్తాను. అరచేత్తో రాస్తే వెచ్చగా, నున్నగా ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అనసూయ పోయాక నా ఒంటికి హాయిగా అనిపించింది అదే మొదలు. అంతలోనే సీటు ఎవరిదో గుర్తొచ్చింది. పని అయిపోయింది, ఇక ఇచ్చెయ్యాలి.

ఆ ఆదివారం వాడు అడిగితే "ఇంక కరుస్తుంది" అన్నాను.

తర్వాతి ఆదివారమూ అదే అన్నాను. పిల్లలు అబద్ధం చెబితే చెవి పట్టుకుని గ్రౌండు చుట్టూ తిప్పినవాణ్ణి, నేనే నున్నగా అబద్ధమాడుతున్నాను. చెప్పుకుంటే సిగ్గు. కానీ ఆ సీటు ఇవ్వబుద్ధి కాలేదు. దాని నొప్పి అంతా నేనే పడ్డాను. హాయి వచ్చే వేళకు వాడు చెయ్యి చాపితే ఎట్లా? పోనీ ఆ మాట ముఖం మీద అందామా అంటే, అన్నాక వాడు రాకపోతే? వారమంతా ఈ రెండింటి మధ్యే కొట్టుకున్నాను.

మంచు తగ్గి ఎండ మొదలైన ఒక ఆదివారం పురుషోత్తం నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. నేను సైకిల్ స్టాండు వేయగానే లేచి వచ్చి సీటును బొటనవేలితో నొక్కాడు.

"అరే! వెన్న లెక్క అయింది గదరా! ఇంక కరుస్తుంది, కరుస్తుందని నన్నే ఆగం చేస్తున్నవా?" అని పెద్దగా నవ్వాడు. కోపం లేదు వాడికి. వాడికి కోపమే రాదు, అది వేరే సంగతి. నన్ను పక్కకు జరిపి నా సైకిల్ ఎక్కాడు. బస్టాండు మలుపు దాకా పోయి తిరిగి వచ్చేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"ఏందిర ఇట్ల చేసినవ్? ఒక దిక్కు గుంట, ఒక దిక్కు గడ్డ. నాకు గుచ్చుకుంటుంది. అంత నీ ముడ్డి లెక్క చేసి పెట్టినవ్ గదరా!"

యాదవ్వ పొయ్యి దగ్గరే నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడితో ఆగినా బాగుండేది. చాయ్ తాగేవాళ్ళం, వచ్చే ఆదివారం వచ్చేది.

"మీ నాయిన గిట్ల చెయ్యకపోతుండె," అన్నాడు పురుషోత్తం, సీటు తడుముతూ, ప్రేమగానే. "మా బాపు చెప్పులు ఎంత మంచిగ మెత్తబెట్టేటోడు. భూమయ్య కాలు పడ్డ చెప్పు పట్టు లెక్క ఉంటదని మా బాపు సచ్చేదాంక అన్నడు."

అంటే గుర్తుంది. ఇన్నేళ్ళూ గుర్తుంది. గుర్తుండే ఇచ్చాడు.

"ఏందిరా?" అన్నాను. ఆ "రా" నా నోట్లోంచి ఎట్లా ఊడిపడిందో నాకే తెలియలేదు. "మళ్ళ అను. మా నాయిన కాళ్ళు నువ్వు ఎన్నడన్న చూసినవారా? మడిమెలు పగిలి నెత్తురు కారుతుంటే మా అవ్వ పసుపు పెట్టి కట్టేది. మీ బాపుకు పట్టు లెక్క ఉండెనట! మా నాయినకు సొంత చెప్పులు ఉండెనా, ఒక్క జత?"

సీటు మీద పురుషోత్తం చెయ్యి అట్లాగే ఆగిపోయింది. యాదవ్వ నవ్వు కూడా.

"నేను గట్ల అనుకోలేదు మహిపాల్."

"అనుకోవు. నీకు అనుకునే అక్కర లేదు."

"దోస్తువని ఇచ్చినరా. వేరేటోళ్ళకు ఇస్తనా? నీ మీద ఉన్న హక్కుతోని ఇచ్చిన."

"గదే హక్కు మీ బాపుకు మా నాయిన మీద ఉండె."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను. అప్పుడైనా నేను తగ్గవలసింది. వాడు కూడా ఏదో సరిచేయాలనే అనుకున్నట్టున్నాడు. "సరే పో. ఆ సీటు నువ్వే ఉంచుకో. నీకే ఇచ్చేసిన అనుకో," అన్నాడు.

ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, మంచి మనసుతోనే. కానీ అది వాకిట్లో నిలబడి ఇచ్చే మాట. పండక్కి మా నాన్నకు పాత ధోవతి ఇచ్చేటప్పుడు వాళ్ళింట్లో వినపడే గొంతు. ఇంక నన్ను నేను పట్టుకోలేకపోయాను. వాడి సంచిలోంచి పానా లాక్కుని, నట్టు వదులు చేసి, సీటును రాడ్ మీదనుంచి ఊడదీసి వాడి చేతిలో పెట్టాను.

"తీస్కో. మెత్తగైంది."

"ఒరేయ్, నీ సీటు తెచ్చుకోలేదు గదరా. ఇంటికి ఎట్ల పోతవ్?"

"నడుస్త."

"పిచ్చి లేసిందా? ఎండ అయితుంది. ఆగు, ట్రాలీకి ఫోన్ చేస్త..."

ట్రాలీ సంగతి యాదవ్వ ముందు తనే బయటపెట్టుకున్నాడు, అది కూడా చూసుకోలేదు. నేను వినకుండా సైకిల్ నెట్టుకుంటూ రోడ్డెక్కాను. వెనక్కి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

సీటు లేని సైకిల్ ఎంత చెడ్డదో నెడితే కానీ తెలియదు. పట్టుకోవడానికి వెనక ఏమీ ఉండదు, హ్యాండిల్ ఒక్కటే పట్టుకుంటే తిన్నగా రాదు. కాసేపు పెడల్ మీద నిలబడి తొక్కి చూశాను. ఎడమ మోకాలు ఒప్పుకోలేదు. దిగి నడిచాను. ఎదురొచ్చే వాళ్ళందరి చూపూ ముందు నా మొహం మీద పడి, తర్వాత ఆ ఇనుప రాడ్ మీదికి పోతోంది. బస్సు కిటికీలోంచి ఎవరో పిల్లకు వేలెత్తి చూపించి మరీ నవ్వారు.

ఊరు దాటాక వెనకనుంచి బైకు వచ్చి ఆగింది. వంశీ, నా పాత స్టూడెంటు. కబడ్డీ బాగా ఆడేవాడు. ఇప్పుడు వడ్ల మిల్లులో పని. వెనక అతని భార్య కూర్చుని ఉంది.

"నమస్తే సార్. సీటేది సార్?"

"కోతి ఎత్కపోయింది," అన్నాను.

అతను చాలా గౌరవంగా ఆ రాడ్ వంక చూశాడు. "కోతి నట్టు ఎట్ల విప్పింది సార్?"

"పానతోని."

వెనక కూర్చున్న అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంశీ పగలబడి నవ్వాడు. ఆగండి సార్, ఈమెను ఇంటి దగ్గర దింపి వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుపోతా అని ఎంతో బతిమాలాడు. వద్దు పో, మోకాలికి నడక మంచిదని పంపించేశాను. బండి కనుమరుగయ్యాక కూడా ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తిరిగి చూసిన తీరు తలుచుకుని నవ్వుకుంటూనే నడిచాను.

నిజంగానే మంచి ముచ్చట. రిటైరైన పీఈటీ సారు, సీటు లేని సైకిల్, పానా పట్టిన కోతి. ఇది పురుషోత్తంకు చెబితే చాయ్ ముక్కుల్లోకి పోయేదాకా నవ్వుతాడు, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని యాదవ్వను కూడా పిలుస్తాడు. కోతి మాట దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, అప్పుడే పండుతుంది అని నడుస్తూ నడుస్తూ మాటలు కూడా సర్దుకున్నాను. ఆదివారం దాకా ఆగడం ఎందుకని ఫోన్ తీశాను.

వాడి పేరు నొక్కబోతుంటే గుర్తొచ్చింది.

సైకిల్‌కు స్టాండు వేసి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఇంకెవరికైనా చెబుదామని ఫోన్లో పేర్లు కిందికి జరిపాను. గ్యాస్ బండ, కరెంటు, పాల అతను, పెన్షను ఆఫీసు. అనసూయ నంబరు ఇంకా తీసెయ్యలేదు. ఆశ్రితకు చెప్పొచ్చు, కానీ నవ్వేముందు నడిచి ఎందుకు పోతున్నావని అడుగుతుంది. ఆ ముచ్చట విని ముచ్చటగానే నవ్వగలిగిన మనిషి నాకు ఒక్కడే ఉన్నాడు. వాడు ఈపాటికి తాడ్వాయి వైపు పోతూ ఉండాలి.

ఫోన్ జేబులో పెట్టుకుని స్టాండు తీశాను. ఎల్లారెడ్డి ఇంకా చాలా దూరం ఉంది.